కాకినాడ అఖాతం: సముద్ర వాతావరణం, ఆటుపోట్లు, తుపాను హెచ్చరికలు – నేపథ్య సమాచారం

కాకినాడ అఖాతం తీరంలో ఓడరేవు, చేపల రేవు, మడ అడవులు, మత్స్యకార గ్రామాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. సముద్ర వాతావరణంలో వచ్చే ప్రతి మార్పు ఈ నాలుగింటిపైనా ప్రభావం చూపుతుంది. వాతావరణ శాఖ ప్రకటనలు, ఆటుపోట్ల పట్టికలు, ఓడరేవుల ప్రమాద సూచికలు ప్రజలకు చేరేది ప్రధానంగా పత్రికలు, ప్రసార మాధ్యమాలు, క్షేత్రస్థాయి అధికారుల ద్వారానే. వాటిలోని పదాలను, అంకెలను సరిగా అన్వయించేందుకు అవసరమైన సమాచారం ఈ వ్యాసంలో క్రోడీకరించబడినది.

భౌగోళిక స్వరూపం

కాకినాడ అఖాతం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద, గోదావరి డెల్టాకు ఈశాన్య అంచున ఉన్నది. దీనికి పడమట కాకినాడ నగరం, దక్షిణాన కోరింగ మడ అడవులు, తూర్పున హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుక తిప్ప ఉన్నాయి. ఉత్తర, ఈశాన్య దిశలలో మాత్రమే అఖాతం బంగాళాఖాతానికి తెరచుకొని ఉన్నది. గౌతమీ గోదావరి తెచ్చిన ఒండ్రు, ఇసుకలను అలలు తీరం వెంబడి ఉత్తరానికి మోసుకుపోవడం వలన గత రెండు శతాబ్దాల కాలంలో ఈ తిప్ప రూపుదిద్దుకున్నది. దీని పొడవు సుమారు 16 కిలోమీటర్లు.

తూర్పు, ఆగ్నేయ దిశల నుండి వచ్చే పెద్ద అలలను ఈ తిప్ప అడ్డుకొనుట చేతనే కాకినాడ సహజసిద్ధమైన రేవుగా పేరు పొందినది. ఇక్కడి యాంకరేజి పోర్టులో ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకోగా, బియ్యం మొదలగు సరుకులను బార్జీలపై చేరవేసే పద్ధతి దీర్ఘకాలంగా కొనసాగుతున్నది. 1990 దశకంలో నిర్మించిన డీప్ వాటర్ పోర్టులో ఓడలు నేరుగా బెర్తులకు చేరుకుంటాయి. అయితే తిప్ప ఇచ్చే రక్షణకు పరిమితి ఉన్నది. ఉత్తర, ఈశాన్య దిశల నుండి వీచే బలమైన గాలులకు అఖాతం ముఖం నేరుగా ఎదురవుతుంది. తిప్పకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ తీరానికి ఈ రక్షణ లేదు. అక్కడ కోత దీర్ఘకాల సమస్యగా ఉన్నది. తుపాను సమయాలలో ఉప్పాడ – కాకినాడ బీచ్ రోడ్డు పలుమార్లు దెబ్బతిన్నది.

అఖాతపు దక్షిణ భాగంలోకి కోరింగ, గాడేరు పాయల ద్వారా గోదావరి నీరు చేరుతుంది. ఇక్కడి మడ అడవులలో 235.70 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణాన్ని 1978లో కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. మడచెట్ల వేర్లు, కాండాలు అలల శక్తిని తగ్గిస్తాయి. ఒండ్రును పట్టి ఉంచి తీరాన్ని నిలబెడతాయి.

ఆటుపోట్లు

కాకినాడ తీరంలో రోజుకు రెండు పర్యాయములు పోటు, రెండు పర్యాయములు పాటు వస్తాయి. ఒక పోటుకు, తరువాతి పోటుకు మధ్య వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువలన పోటు సమయం ప్రతిదినము సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది. ఉదాహరణకు ఒక రోజు ఉదయం 6 గంటలకు పోటు వచ్చినచో మరుసటి రోజు ఉదయం 6 గంటల 50 నిమిషాల ప్రాంతంలో వస్తుంది.

అమావాస్య, పౌర్ణములకు ఒకటి రెండు రోజుల తరువాత పోటుపాటుల మధ్య వ్యత్యాసం అత్యధికంగా ఉంటుంది. శుద్ధ, బహుళ అష్టముల తరువాత అత్యల్పంగా ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖతో, పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ ముఖద్వారంతో పోల్చినప్పుడు ఆంధ్ర తీరంలో ఈ వ్యత్యాసం తక్కువ. పెద్ద పోటు రోజులలో కూడ అది సుమారు ఒకటిన్నర మీటర్లు మాత్రమే. అయినప్పటికీ లోతు తక్కువగల ఈ అఖాతంలో ఆ కొద్దిపాటి తేడాయే నిర్ణాయకమవుతుంది. బార్జీలు కాలువ ముఖద్వారం దాటుటకు, బోట్లు మొగ గుండా సముద్రంలోకి వెళ్ళుటకు, తిరిగి వచ్చుటకు పోటు సమయాన్ని చూసుకోవలసి ఉంటుంది. పాటు వేళ నది నీరు బయటకు వేగంగా పారుతుండగా ఎదురుగా గాలి వీచినచో, మొగ వద్ద అలలు నిటారుగా లేచి చిన్న పడవలకు ప్రమాదకరంగా మారతాయి.

సర్వే ఆఫ్ ఇండియా సంస్థ ఏటా ఆటుపోట్ల పట్టికలను ముందుగానే ప్రచురిస్తున్నది. వీటిని వినియోగించేటప్పుడు మూడు అంశములు గమనింపదగినవి. మొదటిది, పట్టికలోని ఎత్తు సగటు సముద్ర మట్టం నుండి కాక, నౌకా పటాలకు ఆధారమైన కనిష్ఠ నీటి మట్టం నుండి లెక్కించినది. పట్టికలో 1.4 మీటర్లు అని ఉన్నచో, సముద్రం సాధారణ మట్టానికి 1.4 మీటర్లు పైకి లేస్తుందని అర్థం కాదు. రెండవది, ఆ లెక్క సూర్యచంద్రుల ఆకర్షణకు, సాధారణ ఋతు మార్పులకు సంబంధించినది మాత్రమే. తుపాను గాలుల వలన వచ్చే ఉప్పెన అందులో ఉండదు. మూడవది, పట్టికలోని సమయం ఆ రేవుకు మాత్రమే వర్తిస్తుంది. మడ అడవుల లోపలి పాయలకు పోటు ఆలస్యంగా చేరుతుంది.

రోజువారీ ఆటుపోట్లతో పాటు సముద్ర మట్టానికి వార్షిక గమనం కూడ కలదు. ఆంధ్ర తీరంలో సగటు మట్టం మార్చి ప్రాంతంలో అత్యల్పంగాను, అక్టోబరు – నవంబరు నెలలలో అత్యధికంగాను ఉంటుంది. తుపానులు ఎక్కువగా వచ్చే కాలమూ అదే. కావున అదే స్థాయి ఉప్పెన మే నెలలో కంటె నవంబరులో మరింత లోపలికి చొచ్చుకువచ్చే అవకాశం ఉన్నది.

గోదావరికి వరద వచ్చినప్పుడు కూడ ఆటుపోట్ల పాత్ర ముఖ్యమైనది. ధవళేశ్వరం బ్యారేజి వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టు వరదలో ఈ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటినది. పెద్ద పోటు రోజులలో సముద్రం నదికి ఎదురు నిలుచుట వలన యానాం, తాళ్ళరేవు పరిసరాలలోని పల్లపు ప్రాంతాల నుండి నీరు నెమ్మదిగా దిగుతుంది. బ్యారేజి వద్ద వరద తగ్గినదన్న సమాచారంతో పాటు మొగల వద్ద పోటు సమయాన్ని కూడ అధికారులు పరిగణనలోకి తీసుకొనుట అవసరం.

ఋతువుల వారీగా సముద్ర స్థితి

జనవరి – ఫిబ్రవరి: సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. తెల్లవారు జామున పొగమంచు వలన రేవు పరిసరాలలో దూరదృష్టి తగ్గవచ్చును. హోప్ ఐలాండ్ ఇసుక తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టుటకు వచ్చే కాలమిది.

మార్చి – మే: తీరం వెంబడి ప్రవాహం ఉత్తర దిశగా సాగుతుంది. ఎండ తీవ్రత పెరిగిన కొలది మధ్యాహ్నం నుండి సముద్రపు గాలి బలపడుతుంది. సాయంత్రం వేళల్లో క్యుములోనింబస్ మేఘాల వలన ఈదురు గాలులు అకస్మాత్తుగా వీచే అవకాశమున్నది. ఏప్రిల్ చివర నుండి తుపానులు ఏర్పడవచ్చును. చేపల సంతానోత్పత్తి నిమిత్తం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం అమలులో ఉంటుంది. 2015కు పూర్వం ఇది 47 రోజులుగా ఉండెడిది. ఇంజను లేని సంప్రదాయ పడవలకు ఈ నిషేధం నుండి మినహాయింపు కలదు.

జూన్ – సెప్టెంబరు: నైరుతి ఋతుపవన కాలం. దక్షిణ దిశ నుండి వచ్చే దీర్ఘ తరంగాలు తీరాన్ని తాకుతాయి. ఇసుక ఉత్తరానికి కదిలే ప్రక్రియ ఈ కాలంలో ముమ్మరంగా ఉంటుంది. బంగాళాఖాతం వాయవ్య భాగంలో ఏర్పడే అల్పపీడనాలు, వాయుగుండాల ప్రభావంతో సముద్రం తరచు అలజడిగా మారుతుంది. గోదావరి వరద నీటితో అఖాతంలో ఉప్పదనం తగ్గుతుంది.

అక్టోబరు – డిసెంబరు: గాలి ఈశాన్య దిశకు మారుతుంది. తీరం వెంబడి ప్రవాహం దక్షిణ దిశగా తిరుగుతుంది. అఖాతం తెరచుకొని ఉన్న దిశ నుండే గాలి వీచుట వలన లోపలి నీటిలో కూడ అలలు లేస్తాయి. కాకినాడకు తీవ్ర ప్రమాదం కలిగించిన తుపానులలో అధిక భాగం ఈ మూడు నెలలలో వచ్చినవే.

తుపాను శ్రేణులు, హెచ్చరికల దశలు

భారత వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి ఉపద్రవాలను ఈ క్రింది విధంగా వర్గీకరిస్తున్నది. వేగములు గంటకు కిలోమీటర్లలో ఇవ్వబడినవి.

వాయుగుండం: 31 – 49
తీవ్ర వాయుగుండం: 50 – 61
తుపాను: 62 – 88
తీవ్ర తుపాను: 89 – 117
అతి తీవ్ర తుపాను: 118 – 166
అత్యంత తీవ్ర తుపాను: 167 – 221
సూపర్ సైక్లోన్: 222, ఆపైన

తుపాను స్థాయికి చేరిన తరువాతనే పేరు పెడతారు. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఈ పద్ధతి 2004 నుండి అమలులో ఉన్నది. 13 దేశాలు సూచించిన 169 పేర్ల జాబితాను 2020లో ప్రకటించారు.

హెచ్చరికలు నాలుగు దశలలో వెలువడతాయి. సుమారు 72 గంటల ముందు ముందస్తు పరిశీలన ప్రకటన, 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటిన పిమ్మటి పరిస్థితిపై అంచనా జారీ అవుతాయి. ఈ నాలుగవ ప్రకటన లోతట్టు జిల్లాలకు ఉద్దేశించినది. తుపాను తీరం దాటుటతో ప్రమాదం ముగియదన్న విషయాన్ని అది తెలియజేస్తుంది. ఆంధ్ర తీరానికి విశాఖపట్నంలోని తుపాను హెచ్చరిక కేంద్రం ఈ బాధ్యత నిర్వహిస్తున్నది.

గాలి వేగం గంటకు 45 కిలోమీటర్లు మించునని, లేదా సముద్రం మిక్కిలి అలజడిగా మారునని అంచనా ఉన్నప్పుడు మత్స్యకారులకు హెచ్చరిక ఇస్తారు. వాయుగుండం ఏర్పడకపోయినను ఈ హెచ్చరిక రావచ్చును. ప్రకటనలలో ‘అలజడి’ అన్నచో 2.5 నుండి 4 మీటర్లు, ‘మిక్కిలి అలజడి’ అన్నచో 4 నుండి 6 మీటర్ల ఎత్తు అలలు అని గ్రహించవలెను.

ఓడరేవు ప్రమాద సూచికలు

ఓడరేవులలో ఎగురవేసే సూచికల సంఖ్యలను ప్రజలు తీవ్రతకు కొలమానంగా భావించుట సర్వసాధారణం. వాస్తవానికి కొన్ని సంఖ్యలు తీవ్రతను కాక దిశను తెలుపుతాయి.

1వ నంబరు: దూరాన సముద్రంలో తుపాను రూపొందగల అస్థిర వాతావరణం ఉన్నది.
2వ నంబరు: దూరాన తుపాను ఏర్పడినది.
3వ నంబరు: రేవుకు ఈదురు గాలుల ముప్పు ఉన్నది.
4వ నంబరు: రేవుకు తుపాను ముప్పు ఉన్నది. తీవ్ర రక్షణ చర్యలు చేపట్టవలసిన స్థాయికి ఇంకను చేరలేదు.
5వ నంబరు: తుపాను రేవును తన మార్గానికి ఎడమ వైపున ఉంచి సాగుతుంది.
6వ నంబరు: తుపాను రేవును తన మార్గానికి కుడి వైపున ఉంచి సాగుతుంది.
7వ నంబరు: తుపాను రేవు మీదుగా, లేదా అతి సమీపంగా సాగుతుంది.
8, 9, 10వ నంబర్లు: వరుసగా 5, 6, 7 సూచికల అర్థమే. అయితే వచ్చేది తీవ్ర తుపాను.
11వ నంబరు: తుపాను హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయినవి.

కావున 5 నుండి 6కు మారినదనగా తుపాను బలపడినదని కాదు, దాని అంచనా మార్గం మారినదని అర్థం. కాకినాడ విషయంలో ఈ మార్పు ప్రాణప్రదమైనది. ఉత్తరార్ధ గోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. పడమటి దిశగా వచ్చే తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటినచో రేవు దానికి కుడి వైపున ఉంటుంది. అప్పుడు గాలి మొదట ఈశాన్యం నుండి, తరువాత తూర్పు, ఆగ్నేయ దిశల నుండి వీచి సముద్రపు నీటిని తీరం మీదకు నెట్టుతుంది. తుపాను కాకినాడకు ఉత్తరాన దాటినచో గాలి భూమి వైపు నుండి సముద్రం వైపు వీచుట వలన ఉప్పెన ముప్పు సాధారణంగా తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు కాకినాడ దాని మార్గానికి ఎడమ వైపున ఉన్నది. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన సమీపంలో తీరం దాటినది.

చరిత్ర చెప్పే పాఠాలు

1789, 1839 సంవత్సరాలలో వచ్చిన ఉప్పెనలు నాటి ప్రముఖ రేవు పట్టణమైన కోరంగిని ధ్వంసం చేసినవి. ఆ రేవు మరల కోలుకొనలేదు. బంగాళాఖాతపు తుపానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ పాము చుట్టను సూచించే గ్రీకు పదం ఆధారంగా ‘సైక్లోన్’ అను పదమును రూపొందించి, 1848 నాటి తన గ్రంథంలో ప్రయోగించినాడు. ఆయన పరిశీలించిన విపత్తులలో కోరంగి ఉప్పెన ఒకటి.

1996 నవంబరు 6 రాత్రి తీవ్ర తుపాను కాకినాడకు సుమారు 50 కిలోమీటర్ల దక్షిణాన తీరం దాటినది. వెయ్యి మందికి పైగా మరణించారు, మరెందరో గల్లంతయ్యారు. మృతులలోను, గల్లంతైన వారిలోను వేటకు వెళ్ళిన మత్స్యకారులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. గోదావరి మొగల వద్ద గల భైరవపాలెం, బలుసుతిప్ప గ్రామాలు తీవ్రంగా నష్టపోయినవి. తీరానికి అందిన హెచ్చరిక సముద్రంలోని బోటుకు చేరే సాధనాలు నాడు మిక్కిలి పరిమితం. తీరం విడిచిన పడవకు సమాచారం అందించుటయే హెచ్చరిక వ్యవస్థలో అత్యంత క్లిష్టమైన అంగమని ఆ విపత్తు రుజువు చేసినది.

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా సమీపంలో సంభవించిన భూకంపం వలన పుట్టిన సునామీ అలలు సుమారు రెండున్నర గంటలలో ఆంధ్ర తీరాన్ని తాకినవి. రాష్ట్రంలో వంద మందికి పైగా మరణించారు. ఆ దినము పౌర్ణమి. నాడు హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ప్రాంగణంలో ఆ కేంద్రం ప్రారంభమైనది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీవ్ర తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినది. నాడు శుద్ధ అష్టమి సమీపించినందున ఆటుపోట్ల వ్యత్యాసం తక్కువగా ఉండే దశలో సముద్రం ఉన్నది. అదే తుపాను అమావాస్య, పౌర్ణముల సమీపంలో, పోటు వేళలో వచ్చి ఉన్నచో నీటి మట్టం అంతకు మించి ఉండెడిది. ఒక తుపానులో నీరు చేరని గ్రామానికి తరువాతి తుపానులోను చేరదని భావించరాదు.

సమాచారం అందించే సంస్థలు, సాధనాలు

గాలి, వర్షం, తుపాను గమనం, ఉప్పెన అంచనాలు భారత వాతావరణ శాఖ నుండి వెలువడతాయి. అలల ఎత్తు, దీర్ఘ తరంగాలు, ప్రవాహాలు, చేపలు లభించగల ప్రాంతాల సమాచారం, సునామీ హెచ్చరికలు 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ నుండి వెలువడతాయి. సునామీ ప్రకటనలకు మూడు స్థాయిలు కలవు. ఎరుపు రంగు ‘వార్నింగ్’ అన్నచో తీరప్రాంతాన్ని ఖాళీ చేయవలెను. నారింజ రంగు ‘అలర్ట్’ అన్నచో బీచ్‌లకు దూరంగా ఉండవలెను. పసుపు రంగు ‘వాచ్’ అన్నచో వెంటనే ఖాళీ చేయనవసరం లేదు, తదుపరి ప్రకటన కొరకు వేచి ఉండవలెను.

తీరానికి దూరంగా ఉన్న బోట్లకు సెల్ ఫోన్ సంకేతం అందదు. ఈ లోటును పూరించుటకు ఉపగ్రహం ద్వారా సందేశాలు అందించే ‘జెమిని’ పరికరం 2019లో విడుదలైనది. ఇస్రో సాంకేతికతతో రూపొందిన ట్రాన్స్‌పాండర్లను లక్ష చేపల బోట్లకు అమర్చే జాతీయ పథకం 2024 ఆగస్టులో ప్రారంభమైనది. ఆపదలో ఉన్న పడవ దీని ద్వారా తీరానికి సందేశం పంపవచ్చును.

వార్తలు, ప్రకటనలలో గమనింపదగిన అంశములు

1. తుపాను ఎంత దూరంలో ఉన్నదన్న అంకెతో పాటు అది ఏ సమయపు పరిశీలనో తెలుపవలెను. తుపాను ఏర్పడిన తరువాత ప్రతి 3 గంటలకు ప్రకటన వెలువడుతుంది. పాత దూరం కొత్త వార్తలో ప్రచురితమైనచో ప్రజలు తప్పు అంచనాకు వచ్చే ప్రమాదమున్నది.

2. ప్రమాద సూచిక సంఖ్యతో పాటు దాని అర్థాన్ని ఒక వాక్యంలో వివరించవలెను.

3. ఉప్పెన ఎత్తు సాధారణంగా ఆటుపోటు మట్టానికి అదనంగా తెలుపబడుతుంది. ఒక మీటరు ఉప్పెన అన్నచో ఆ వేళకు ఉండే పోటు మట్టంపై మరొక మీటరు అని అర్థం. తీరం దాటే సమయానికి పోటు ఉన్నదో, పాటు ఉన్నదో పట్టిక చూసి తెలుపుట ఉపయుక్తం.

4. తుపాను కేంద్రం రేవు మీదుగా సాగునప్పుడు గాలి కొంతసేపు నిలిచిపోయి, మరల వ్యతిరేక దిశ నుండి తీవ్రంగా వీస్తుంది. ఆ విరామాన్ని ముగింపుగా భావించి ప్రజలు పునరావాస కేంద్రాల నుండి బయటకు రాకుండ చూడవలెను.

5. మత్స్యకారులకు ఇచ్చే సమాచారంలో ‘వేటకు వెళ్ళరాదు’ అన్నదానితో పాటు, ఇప్పటికే వేటలో ఉన్నవారు ఏ తేదీ, ఏ వేళ లోపు తీరం చేరవలెనో స్పష్టంగా ఉండవలెను. దూరపు వేటకు వెళ్ళిన బోటు రేవుకు తిరిగివచ్చుటకు పలు గంటలు పడుతుంది. మొగ వద్ద పోటు కొరకు వేచి ఉండవలసిన సమయాన్ని కూడ ఇందులో కలుపుకొనవలెను.

6. హెచ్చరిక ఉపసంహరణ వార్తకు హెచ్చరిక వార్తతో సమాన ప్రాధాన్యం ఇవ్వవలెను. వేట నిలిచిన ప్రతి దినము మత్స్యకార కుటుంబాల ఆదాయం నిలిచిపోతుంది. ఉపసంహరణ సకాలంలో తెలియనప్పుడు తదుపరి హెచ్చరికలపై విశ్వాసం సన్నగిల్లుతుంది.

సముద్రంలో ఆపద సంభవించినప్పుడు భారత తీర రక్షక దళం 1554, తీర భద్రతా పోలీసు 1093, రాష్ట్ర అత్యవసర సహాయం 1070 నంబర్లకు సమాచారం అందించవలెను. సమాచారంలో బోటు రిజిస్ట్రేషన్ సంఖ్య, అందులోని వ్యక్తుల సంఖ్య, చివరిసారిగా తెలిసిన స్థానం, రేవు విడిచిన సమయం ఉన్నచో గాలింపు త్వరితగతిన ప్రారంభించుటకు వీలగును.